బీఎస్‌ఎన్‌లో జీపీఏ తక్కువైనా అమెరికాలో ఎంఎస్‌ఎన్ సీటు తెచ్చుకోవడం ఎలా

పోయిన చలికాలంలో ఒక నైట్ షిఫ్ట్. బ్రేక్ రూమ్‌లో మా యూనిట్ చెల్లెలు ఒకామె ఫోన్ నా ముందు పెట్టి, "అక్కా, ఇది చూసి ఉన్నమాట చెప్పు. సీటు వస్తుందా, ఆశ వదులుకోనా?" అని అడిగింది. స్క్రీన్ మీద తన బీఎస్‌ఎన్ (నర్సింగ్ బ్యాచిలర్స్ డిగ్రీ) ట్రాన్‌స్క్రిప్ట్, అంటే మార్కుల పత్రం, ఉంది. చివర్లో 2.7 అని జీపీఏ (నాలుగుకు లెక్కేసే గ్రేడ్ల సగటు). చాలా కాలేజీలు ఎంఎస్‌ఎన్‌కి, అంటే నర్సింగ్ మాస్టర్స్ డిగ్రీకి, కనీసం 3.0 అడుగుతాయి కాబట్టి ఆమె ఆ అంకె దగ్గరే ఆగిపోయింది. నేను పైకి జరిపి సెమిస్టర్ల వారీగా చూశాను. మొదటి రెండేళ్లు ఎక్కువగా సీ గ్రేడ్లు, కెమిస్ట్రీలో ఒక డీ. తర్వాత రెండేళ్లు దాదాపు అన్నీ బీలు, అక్కడక్కడా ఏ. అది చదువు రాని పిల్ల ట్రాన్‌స్క్రిప్ట్ కాదు. మొదట్లో తడబడి, తర్వాత నిలదొక్కుకున్న పిల్ల ట్రాన్‌స్క్రిప్ట్.

నాదీ ఇలాంటి కథే. ఇంటర్ దాకా తెలుగు మీడియం. బీఎస్సీ నర్సింగ్ మొదటి ఏడాది అనాటమీ, బయోకెమిస్ట్రీ ఇంగ్లిష్‌లో అర్థమయ్యేసరికే పరీక్షలు వచ్చేశాయి. రెండు సబ్జెక్టుల్లో సప్లీ రాశాను. ఏళ్ల తర్వాత అమెరికాలో ఎఫ్‌ఎన్‌పీ (ఎంఎస్‌ఎన్‌లో ఫ్యామిలీ నర్స్ ప్రాక్టిషనర్ కోర్సు; పేషెంట్లను పరీక్షించి మందులు రాయగల నర్సును ఎన్‌పీ అంటారు) చదవాలని నాలుగు కాలేజీలకు అప్లై చేస్తే నాలుగూ కాదన్నాయి. రెండోసారి సీటు వచ్చింది. ఈ రెండు ప్రయత్నాల మధ్య నా మార్కుల మెమోలో ఒక్క అక్షరం మారలేదు. దాని పక్కన నేను పెట్టిన కాగితాలు మారాయి. ఆ కాగితాలను ఒక్కొక్కటిగా ఎలా సంపాదించాలో ఇక్కడ రాస్తున్నాను. అమెరికాలోనే బీఎస్‌ఎన్ చేసినవాళ్లకీ, మన దగ్గర బీఎస్సీ నర్సింగ్ చేసి ఎన్‌క్లెక్స్ (అమెరికా నర్సు లైసెన్సు పరీక్ష) పాసై వచ్చినవాళ్లకీ ఇది పనికొస్తుంది.

ముందు మీ అసలు అంకెలు లెక్కేసుకోండి

జీపీఏ ఒక్కటే అనుకుంటాం గానీ అడ్మిషన్ కమిటీలు చూసేవి నాలుగు ఉంటాయి: మొత్తం జీపీఏ, చివరి 60 క్రెడిట్ల జీపీఏ (క్రెడిట్ అంటే కోర్సు ఎంత బరువైనదో చెప్పే అంకె; 60 అంటే దాదాపు చివరి రెండేళ్లు), సైన్స్ సబ్జెక్టుల జీపీఏ, నర్సింగ్ కోర్సుల జీపీఏ. ఒక తెల్లకాగితం మీద నాలుగూ విడివిడిగా వేయండి. ప్రతి కోర్సు క్రెడిట్లను గ్రేడ్ పాయింటుతో హెచ్చించి, అన్నీ కూడి, మొత్తం క్రెడిట్లతో భాగిస్తే చాలు. ఏ అంటే 4, బీ అంటే 3, సీ అంటే 2, డీ అంటే 1. ప్లస్, మైనస్‌లకు మీ కాలేజీ టేబుల్ చూడండి.

ఆ రాత్రి మేం పేపర్ టవల్ మీద వేసిన లెక్క ఇది. మొదటి 60 క్రెడిట్లలో ఆమెకు 138 పాయింట్లు, అంటే 2.3. చివరి 60 క్రెడిట్లలో 186 పాయింట్లు, అంటే 3.1. రెండూ కలిపితే 120 క్రెడిట్లకు 324 పాయింట్లు, అదే ఆ 2.7. చివరి 60 క్రెడిట్లు చూసే కాలేజీల దగ్గర ఆమె ఇప్పటికే 3.0 దాటిపోయింది! ఆ సంగతి ఆమెకు తెలియదు, ఎవరూ చెప్పలేదు.

ఇండియాలో చదివినవాళ్లు ఇక్కడ ఒక పొరపాటు చేస్తారు. 58 శాతాన్ని 25తో భాగించి "నా జీపీఏ 2.3" అని బెంగ పెట్టుకుంటారు. అలా ఎవరూ లెక్కించరు. మన దగ్గర 60 దాటితే ఫస్ట్ క్లాస్, నర్సింగ్‌లో పాస్ మార్కే 50 అని, విదేశీ చదువును అమెరికా లెక్కలోకి మార్చే ఎవాల్యుయేషన్ ఏజెన్సీలకు తెలుసు. వాళ్ల టేబుల్ వేరుగా ఉంటుంది, పైగా సబ్జెక్టు వారీగా లెక్కేస్తారు. అలాంటి ఏజెన్సీల్లో ఒకటైన డబ్ల్యూఈఎస్ వెబ్‌సైట్‌లో ఉచితంగా జీపీఏ అంచనా వేసుకునే కాలిక్యులేటర్ ఉంది. ముందు దాంట్లో మీ మెమోలు ఎక్కించి చూడండి. అసలు రిపోర్టు మాత్రం మీరు అప్లై చేసే కాలేజీ ఏ ఏజెన్సీ రిపోర్టు ఒప్పుకుంటుందో అడిగాకే తెప్పించండి. కొన్ని డబ్ల్యూఈఎస్ చాలంటాయి, కొన్ని, విదేశీ నర్సుల చదువును పరిశీలించే సీజీఎఫ్‌ఎన్‌ఎస్ రిపోర్టే కావాలంటాయి. సీజీఎఫ్‌ఎన్‌ఎస్ పేరు 2025లో ట్రూమెరిట్‌గా మారింది, వెతికేటప్పుడు గుర్తుంచుకోండి. రిపోర్టు ఏదైనా "కోర్స్ బై కోర్స్" రకమే తీసుకోవాలి. డిగ్రీ సమానమా కాదా అని మాత్రమే చెప్పే చిన్న రిపోర్టులో జీపీఏ ఉండదు.

మొత్తం జీపీఏని పైకి లాగడం ఎంత కష్టమో తెలుసుకోండి

చాలామంది డబ్బు, టైమ్ పోగొట్టుకునేది ఇక్కడే. "ఇంకో నాలుగు కోర్సులు చేస్తే 3.0 అయిపోతుంది కదా అక్కా" అంటారు. లెక్క చూద్దాం. 120 క్రెడిట్లకు 324 పాయింట్లు ఉన్న మనిషి నాలుగు కోర్సులు, అంటే 12 క్రెడిట్లు చేసి అన్నింట్లో ఏ తెచ్చుకుంటే 132 క్రెడిట్లకు 372 పాయింట్లు. జీపీఏ 2.82 దగ్గరే ఉంటుంది. 3.0 అందాలంటే 36 క్రెడిట్లు, అన్నీ ఏ గ్రేడే రావాలి. అంటే పన్నెండు కోర్సులు. షిఫ్టులు చేసుకుంటూ అది మూడేళ్ల పని.

పాత సబ్జెక్టు మళ్లీ చదివితే పాత గ్రేడ్ చెరిగిపోతుందనే నమ్మకం కూడా ఉంది. మీ కాలేజీ తన ట్రాన్‌స్క్రిప్ట్‌లో అలా చేయొచ్చు. కానీ నర్సింగ్‌క్యాస్ (చాలా నర్సింగ్ కాలేజీలకు ఒకేచోట అప్లై చేసే వెబ్‌సైట్) ద్వారా అప్లై చేస్తే రెండు ప్రయత్నాలూ లెక్కలోకి వస్తాయి. నాలుగు క్రెడిట్ల కెమిస్ట్రీలో అప్పుడు డీ, ఇప్పుడు ఏ వస్తే నర్సింగ్‌క్యాస్ లెక్కలో సగటు 2.5.

కొత్త కోర్సులు దండగ అని నేను అనడం లేదు. మొత్తం అంకెను మార్చడానికి కాకుండా, "ఈ మనిషి ఇప్పుడు గ్రాడ్యుయేట్ స్థాయి చదువు చదవగలదు" అని చూపించడానికి తీసుకోండి. అప్పుడు రెండు మూడు కోర్సులే చాలు, పన్నెండు అక్కర్లేదు.

ఏ కోర్సులు తీసుకోవాలి

మొదటిది స్టాటిస్టిక్స్. చాలా ఎంఎస్‌ఎన్ ప్రోగ్రాములు దీన్ని ముందే అడుగుతాయి. కొన్ని, గత ఐదేళ్లలోనో ఏడేళ్లలోనో చేసి ఉండాలని కూడా అంటాయి. మీకు సీ ఉన్నా, చదివి చాలా ఏళ్లయినా కమ్యూనిటీ కాలేజీలో మళ్లీ చేయండి. ఫీజు తక్కువ, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది.

రెండోది, మీ ట్రాన్‌స్క్రిప్ట్‌లో కళ్లకు కొట్టొచ్చినట్టు కనిపించే మచ్చ. అనాటమీయో, ఫిజియాలజీయో, మైక్రోబయాలజీయో డీ గానీ ఫెయిల్ గానీ ఉంటే అది ఒక్కటి దిద్దండి. సీ ఉన్న ప్రతి సబ్జెక్టూ తిరగరాయాల్సిన పని లేదు.

అన్నిటికంటే బరువైనది మూడోది. నాన్‌డిగ్రీ స్టూడెంట్‌గా, అంటే డిగ్రీలో చేరకుండా విడి కోర్సు చదివే స్టూడెంట్‌గా, చేరి ఒక గ్రాడ్యుయేట్ (మాస్టర్స్ స్థాయి) కోర్సు చేయండి. ఎన్‌పీ చదివేవాళ్లు "త్రీ పీస్" (ఇంగ్లిష్‌లో 'పీ' అక్షరంతో మొదలయ్యే మూడు) అని పిలుచుకునే మూడు కోర్సులున్నాయి: అడ్వాన్స్‌డ్ పాథోఫిజియాలజీ, అడ్వాన్స్‌డ్ ఫార్మకాలజీ, అడ్వాన్స్‌డ్ ఫిజికల్ అసెస్‌మెంట్. బయటి స్టూడెంట్లకు వీటిలో పాథోఫిజియాలజీ దొరికే వీలు ఎక్కువ. అందులో ఏ తెచ్చుకున్నారంటే, కమిటీకి మీ మీద ఉన్న అనుమానానికి మీరే జవాబు చెప్పినట్టు. వీలైతే మీరు చేరాలనుకుంటున్న కాలేజీలోనే తీసుకోండి. అక్కడి ప్రొఫెసర్‌కు మీరు తెలుస్తారు, రేపు రికమెండేషన్ లెటర్ అడగొచ్చు. సీటు వచ్చాక ఆ క్రెడిట్లు కలుపుకుంటారా, ఎన్ని కలుపుకుంటారు అన్నది చేరకముందే ఈమెయిల్‌లో రాయించుకోండి. ఫోన్‌లో చెప్పిన మాట తర్వాత ఎవరికీ గుర్తుండదు.

మూడు జాగ్రత్తలు చెప్పాలి. పాస్, ఫెయిల్ అని మాత్రమే ఇచ్చే కోర్సులు జీపీఏలోకి రావు కాబట్టి ఈ పనికి పనికిరావు. నాన్‌డిగ్రీ స్టూడెంట్లకు ప్రభుత్వ ఫైనాన్షియల్ ఎయిడ్ సాధారణంగా రాదు. అయితే మీ హాస్పిటల్‌లో ట్యూషన్ సాయం ఉందేమో హెచ్‌ఆర్‌లో అడగండి, ఏడాదికి 5,250 డాలర్ల దాకా ఆ సాయంపై మీకు పన్ను పడదు. ఇక మూడోది, నేను మరీ మరీ చెప్పేది: ఒకసారికి ఒకే కోర్సు. నైట్ షిఫ్టులు, ఇంట్లో పిల్లలు, మీద రెండు కోర్సులు వేసుకుని రెండింట్లో బీ మైనస్ తెచ్చుకున్నవాళ్లను చూశాను. ఈ దశలో ఒక ఏ గ్రేడ్ చేసే మేలు రెండు బీ మైనస్‌లు చేయలేవు.

హెచ్4 (హెచ్1బీ మీద ఉన్నవాళ్ల భార్యకో భర్తకో ఇచ్చే వీసా) మీద ఉండి ఇంకా ఉద్యోగంలో చేరలేని చెల్లెళ్లకు ఒక మాట. హెచ్4 మీద చదువుకోవచ్చు, అందుకోసం ఎఫ్1 స్టూడెంట్ వీసాకి మారక్కర్లేదు. ఎదురుచూస్తూ గడిచిపోయే ఆ నెలల్లో స్టాటిస్టిక్స్ పూర్తి చేసేయండి.

కాలేజీని ఎంచుకోవడం

నా మొదటి ప్రయత్నం చెడింది ఇక్కడే. పేరు చూసి నాలుగు కాలేజీలు ఎంచుకున్నాను. అడ్మిషన్ పేజీ చివరిదాకా చదవలేదు. వాటిలో ఒకటి 3.0 కంటే తక్కువున్న అప్లికేషన్ తెరిచి కూడా చూడదని ఫీజు కట్టాక తెలిసింది.

ఆ పేజీల్లో కొన్ని మాటలను పట్టుకుని చదవాలి. "రిక్వయిర్డ్" అంటే గేటు, దాటకపోతే లోపలికి రానివ్వరు. "ప్రిఫర్డ్" అంటే ఉంటే మంచిది, లేకపోయినా చూస్తారు. "హోలిస్టిక్ రివ్యూ" అని రాసి ఉంటే జీపీఏతో పాటు అనుభవం, లెటర్లు, మీ నేపథ్యం కలిపి చూస్తారు. "కండిషనల్" లేదా "ప్రొవిజనల్ అడ్మిషన్" అంటే సీటు ఇస్తారు, కాకపోతే మొదటి కొన్ని కోర్సుల్లో బీ తగ్గకూడదని షరతు పెడతారు. నాకు వచ్చింది అలాంటి సీటే. చిన్నతనంగా అనిపించొచ్చు గానీ తీసుకోండి, షరతు తీరాక అందరితో సమానమే.

తర్వాత ప్రోగ్రామ్ కోఆర్డినేటర్‌కు ఒక చిన్న ఈమెయిల్ రాయండి. మీ మొత్తం జీపీఏ ఇంత, చివరి 60 క్రెడిట్లలో ఇంత, ఇన్నేళ్ల అనుభవం ఉంది అని రెండు వాక్యాల్లో చెప్పి మూడు ప్రశ్నలు అడగండి. కనీస జీపీఏ కంటే తక్కువున్నవాళ్ల అప్లికేషన్లు చూస్తారా? చివరి 60 క్రెడిట్లు గానీ గ్రాడ్యుయేట్ కోర్సు గ్రేడ్లు గానీ విడిగా పరిగణిస్తారా? జీపీఏ గురించి వేరే కాగితం జతచేయొచ్చా? ఈ మూడు జవాబులతో మీ లిస్ట్ పదిహేను నుంచి ఐదుకు వస్తుంది. ఆ ఐదింటికి మాత్రమే అప్లై చేయండి.

జీపీఏ తక్కువుందన్న భయంతో ఎవరు పిలిస్తే వాళ్ల దగ్గర చేరిపోవద్దు. ముందు ప్రోగ్రామ్‌కు సీసీఎన్‌ఈ గానీ ఏసీఈఎన్ గానీ అక్రెడిటేషన్ ఉందో లేదో ఆ సంస్థల వెబ్‌సైట్లలోనే చూసుకోండి. గుర్తింపు లేని చోట చదివితే ఎన్‌పీ బోర్డ్ పరీక్ష రాసే అర్హతే పోతుంది. ఆన్‌లైన్ ప్రోగ్రామ్ అయితే మీరుండే రాష్ట్రం నుంచి స్టూడెంట్లను తీసుకుంటుందా అనేది, క్లినికల్స్‌కు ప్రిసెప్టర్‌ను (పక్కనుండి పని నేర్పేవాళ్లను) కాలేజీ వెతికిపెడుతుందా మీరే వెతుక్కోవాలా అనేది అడగండి. ప్రిసెప్టర్ దొరక్క సెమిస్టర్ ఆగిపోయి ఏడ్చినవాళ్లున్నారు.

జీఆర్‌ఈ గురించి ఎక్కువ ఆలోచించొద్దు. చాలా ప్రోగ్రాములు తీసేశాయి. మీ లిస్ట్‌లో ఏదైనా కాలేజీ, జీపీఏ తక్కువున్నవాళ్లు జీఆర్‌ఈ స్కోరు పెడితే చూస్తాం అంటే మాత్రం రాయండి. 2023 సెప్టెంబర్ నుంచి పరీక్ష కుదించారు, రెండు గంటల్లోపే అయిపోతుంది.

ఉద్యోగంలోంచి తెచ్చుకోగల సాక్ష్యం

డిగ్రీ మార్కులు చెప్పలేనిది, మీరు పనిచేసే విభాగంలో పరీక్ష రాసి తెచ్చుకునే సర్టిఫికేషన్ చెబుతుంది. ఐసీయూలో ఉంటే సీసీఆర్‌ఎన్, ఎమర్జెన్సీలో ఉంటే సీఈఎన్, మెడ్‌సర్జ్‌లో (జనరల్ మెడికల్, సర్జికల్ వార్డులో) ఉంటే సీఎంఎస్‌ఆర్‌ఎన్. సీసీఆర్‌ఎన్ రాయాలంటే గత రెండేళ్లలో క్రిటికల్ కేర్ పేషెంట్లను నేరుగా చూసిన 1,750 గంటలుండాలి, అందులో 875 చివరి ఏడాదివి. పార్ట్ టైమ్ చేసేవాళ్లకు ఐదేళ్లలో 2,000 గంటల దారి కూడా ఉంది. 150 ప్రశ్నలు, మూడు గంటలు. దేశమంతటికీ ఒకటే పరీక్ష. కాలేజీ రోజుల్లో ఫిజియాలజీలో సీ వచ్చిన మనిషి సీసీఆర్‌ఎన్ పాసైందంటే ఆ సీకి ఇంకా బరువుంటుందా?

పేర్ల దగ్గర తికమకపడకండి. సీసీఆర్‌ఎన్ ఇచ్చేది క్రిటికల్ కేర్ నర్సుల సంఘం, నర్సింగ్‌క్యాస్ నడిపేది నర్సింగ్ కాలేజీల సంఘం. రెండింటినీ ఏఏసీఎన్ అనే అంటారు.

సర్టిఫికేషన్ కాక, ఛార్జ్ నర్స్‌గా (ఆ షిఫ్టు బాధ్యత చూసే నర్సుగా) చేసిన రోజులు, కొత్త నర్సులకు ప్రిసెప్టర్‌గా ఉండటం, యూనిట్ కమిటీలో చేసిన పని కూడా రాయాలి. మన తెలుగువాళ్లం ఇక్కడ మొహమాటపడతాం. "ప్రిసెప్టర్‌గా ఉన్నాను" అని సరిపెట్టొద్దు. ఎంతమందికి, ఎన్ని వారాలు, మీరు నేర్పిన పద్ధతి యూనిట్‌లో ఏం మార్చింది అని రాయండి. చేసిన పని చెప్పుకోవడం గొప్పలకు పోవడం కాదు.

స్టేట్‌మెంట్, జీపీఏ గురించిన కాగితం

పర్సనల్ స్టేట్‌మెంట్ (ఈ చదువు ఎందుకు కావాలో మీరు రాసే వ్యాసం) వేరు, జీపీఏ వివరణ వేరు. స్టేట్‌మెంట్ నిండా మార్కుల బాధ నింపితే మీరెందుకు ఎన్‌పీ కావాలనుకుంటున్నారో చెప్పడానికి చోటే ఉండదు. వివరణకు విడిగా చోటిస్తే అక్కడ రాయండి. లేదంటే స్టేట్‌మెంట్‌లో ఒక్క పేరా చాలు.

మా చెల్లెలు మొదట రాసుకొచ్చింది ఇది: "కొన్ని వ్యక్తిగత కారణాల వల్ల నా గ్రేడ్లు తగ్గాయి. కానీ నేను చాలా కష్టపడే మనిషిని, అవకాశం ఇస్తే నిరూపించుకుంటాను." చదివినవాళ్లకు ఏం తెలిసింది? ఏం జరిగిందో తెలియలేదు, ఏం మారిందో తెలియలేదు. ఇద్దరం కూర్చుని, తను ఒక్కో సెమిస్టర్ గుర్తు చేసుకుంటుంటే నేను ప్రశ్నలు వేస్తూ ఇలా మార్చాం:

"మొదటి రెండేళ్లు వారానికి 36 గంటలు నర్సింగ్ అసిస్టెంట్‌గా పనిచేస్తూ ఫుల్ టైమ్ కోర్సులు తీసుకున్నాను. కెమిస్ట్రీలో డీ, అనాటమీలో సీ వచ్చాయి. గంటలు తగ్గించుకోవాల్సింది, ప్రొఫెసర్‌ను సాయం అడగాల్సింది, రెండూ చేయలేదు. మూడో ఏడాది నుంచి పని 16 గంటలకు తగ్గించుకుని ట్యూటరింగ్ సెంటర్‌కు వెళ్లాను. చివరి 60 క్రెడిట్లలో నా జీపీఏ 3.1."

ఐదే వాక్యాలు. జరిగింది, తన వల్ల జరిగిన పొరపాటు, దిద్దుకున్న తీరు, రుజువు అన్నీ వచ్చేశాయి. మూడో వాక్యం రాయడానికి ఆమె చాలాసేపు వెనకాడింది. "తప్పు నాదని నేనే రాసుకోవాలా అక్కా?" అంది. రాయాలి. ఇంట్లో అనారోగ్యం, డబ్బు ఇబ్బంది, భాష, ఇవన్నీ నిజమైన కారణాలే, దాచక్కర్లేదు. అయితే కారణం దగ్గరే ఆగిపోతే, రేపు మళ్లీ కష్టం వస్తే ఏం చేస్తుందో అనే ప్రశ్న మిగిలిపోతుంది. దానికి జవాబు ఆ మూడో వాక్యం, దాని వెనకాలే వచ్చే నాలుగో వాక్యం.

ఏది ఏమైనా చదివిన కాలేజీని దాచొద్దు. ఎక్కడో ఒక సెమిస్టర్ చేరి మానేసినా ఆ ట్రాన్‌స్క్రిప్ట్ పెట్టాల్సిందే. తర్వాత బయటపడితే వచ్చిన సీటు కూడా పోతుంది.

మిగతా స్టేట్‌మెంట్‌లో "చిన్నప్పటి నుంచి సేవ చేయాలని కోరిక" లాంటి మొదలు వదిలేయండి. ఒక పేషెంటు, ఒక రాత్రి, మీరు గమనించింది, ఆర్‌ఎన్‌గా (రిజిస్టర్డ్ నర్సుగా) మీ చేతుల్లో లేక ఆగిపోయింది. అక్కడ మొదలుపెట్టండి. పేషెంటును గుర్తుపట్టే వివరాలేవీ ఉండకూడదు.

లెటర్లు

పెద్ద హోదా ఉన్నవాళ్ల లెటర్ కంటే మీ పని దగ్గర్నుంచి చూసినవాళ్ల లెటర్ మేలు. మీ మేనేజర్, మీతో పనిచేసే ఎన్‌పీ, కొత్తగా చేసిన కోర్సు ప్రొఫెసర్, ఈ ముగ్గురూ కుదిరితే అంతకంటే కావలసింది లేదు. అడిగేటప్పుడు మీ రెజ్యూమె, స్టేట్‌మెంట్, ట్రాన్‌స్క్రిప్ట్ కూడా ఇవ్వండి. మార్కులు తక్కువున్న సంగతి వాళ్లకు మీరే చెప్పి, "నేను చదువుకోగలనన్న దాని మీద మీకు కనిపించింది రాయగలరా" అని అడగండి. మా మేనేజర్ నా లెటర్‌లో, కొత్త ప్రోటోకాల్ వచ్చినప్పుడల్లా యూనిట్‌లో అందరికంటే ముందు చదివి మిగతావాళ్లకు చెప్పేది నేనే అని రాశారట. ఆ మాట ఇంటర్వ్యూలో నాకు చదివి వినిపించారు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఇంటర్వ్యూలో జీపీఏ గురించి తప్పకుండా అడుగుతారు. ఆ ఐదు వాక్యాలే నోటితో చెప్పండి, అర నిమిషంలో ముగించండి. టెన్షన్‌లో సాగదీస్తే సంజాయిషీలా వినిపిస్తుంది. అద్దం ముందు కాదు, ఒక మనిషి ముందు కూర్చుని నాలుగైదుసార్లు చెప్పి చూడండి.

ఎప్పుడు మొదలుపెట్టాలి

ఆగస్టులో క్లాసులు మొదలయ్యే ప్రోగ్రామ్‌కు కనీసం ఏడాదిన్నర ముందు. ముందు లెక్కలు, ఈమెయిళ్లు. తర్వాతి రెండు సెమిస్టర్లలో ఒక్కో కోర్సు. మధ్యలో సర్టిఫికేషన్. డెడ్‌లైన్‌కు రెండు నెలల ముందు లెటర్లు అడగడం.

ఇండియాలో చదివినవాళ్లు అన్నిటికంటే ముందు ట్రాన్‌స్క్రిప్టుల పని పెట్టుకోండి. విజయవాడలోని ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ అయినా, వరంగల్‌లోని కాళోజీ హెల్త్ యూనివర్సిటీ అయినా, కాగితాలు మీ చేతికి కాకుండా నేరుగా ఎవాల్యుయేషన్ ఏజెన్సీకి చేరాలి. దానికి కాలేజీ సంతకాలు, యూనివర్సిటీ ముద్రలు కావాలి. ఇంటి దగ్గర తమ్ముడో, స్నేహితురాలో తిరగాల్సి వస్తుంది. అన్ని సంవత్సరాల మెమోలు, సప్లీ మెమోలతో సహా, స్కాన్ చేసి పెట్టుకోండి. మెమోల మీద పేరు, పాస్‌పోర్ట్ మీద పేరు వేరుగా ఉంటే ఇప్పుడే సరిచేయించుకోండి. పెళ్లయ్యాక ఇంటిపేరు మారినవాళ్లకు ఇక్కడే నెలలు పోతాయి.

కాదంటే

రెండు రోజులు బాధపడండి, తప్పులేదు. మూడో రోజు అడ్మిషన్ ఆఫీసుకు రాయండి: "వచ్చేసారి మళ్లీ అప్లై చేద్దామనుకుంటున్నాను. నా అప్లికేషన్‌లో ఏ భాగం బలహీనంగా ఉందో చెప్పగలరా?" అందరూ జవాబివ్వరు. నాకు నలుగురిలో ఒకరే ఇచ్చారు. "మీ సైన్స్ గ్రేడ్లు పాతవి, ఇటీవలి చదువు ఏమీ కనిపించలేదు" అని ఒక్క వాక్యం. నా రెండో ప్రయత్నం అంతా ఆ వాక్యం మీదే నిలబడింది. ఆ వారమే పాథోఫిజియాలజీ కోర్సుకు పేరు ఇచ్చాను.

మా చెల్లెలు ఈ వేసవిలో స్టాటిస్టిక్స్ చేస్తోంది. ఇప్పటిదాకా రెండు పరీక్షలయ్యాయి, 94, 91. మార్కులు వచ్చిన ప్రతిసారీ స్క్రీన్‌షాట్ తీసి నాకు పంపిస్తుంది. ఫాల్‌లో పాథోఫిజియాలజీకి ఏ కాలేజీలో సీటు దొరుకుతుందో వచ్చే మంగళవారం షిఫ్ట్ అయ్యాక ఇద్దరం కూర్చుని చూడాలి.